వెనక వరండా, రెండో మెట్టు నుంచి

హాస్టల్ గది, కిటికీ పక్క మంచం
జూన్ 10

పిన్నీ,

పేపరాఫీసులో చేరాను. అమ్మతో ఉద్యోగం అన్నాను కానీ నిజానికి శిక్షణ. ఉంచుకుంటారో ఇంటికి పంపుతారో ఆగస్టు చివర్లో చెబుతారు. పంపేస్తే అమ్మ ఏమంటుందో నీకు తెలుసు. "నోట్లో మాట లేనిదానికి పేపరాఫీసెందుకని నేను ముందే చెప్పాను." అందుకని ఎలాగైనా ఉండిపోవాలి.

నా కుర్చీ కిటికీకి దూరం, ప్రింటరుకు దగ్గర. మా ఇన్‌చార్జిని అందరూ పెద్దసారు అంటారు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గిస్తారు. వినపడక మనం ముందుకు వంగాలి. వంగితే తిట్లు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. ఊళ్ల నుంచి వచ్చే వార్తలు దిద్దడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకు బాగుంది.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే. వార్తలో మొదటి వాక్యానికి ముందు ఊరి పేరు ఉంటుంది చూశావా? దాన్ని డేట్‌లైన్ అంటారు. అది వార్త జరిగిన చోటు అని ఇన్నేళ్లూ అనుకున్నాను. కాదట. రాసినవాళ్లు నిలబడ్డ చోటు. "అక్కడ కాలు పెట్టకుండా ఆ ఊరి పేరు వేయకూడదు. వేశామంటే, నేనిక్కడ ఉన్నాను, చూశాను అని చదివేవాడికి మాటిచ్చినట్టు" అన్నారు పెద్దసారు. సొంత ఊరి వార్తకు మాత్రం అసలు వేయరు. పేపరు ఇక్కడిదే, మనమూ ఇక్కడే, ఇంక చెప్పేదేముంది అని.

వింటుంటే మనింటి ఉత్తరాలు గుర్తొచ్చాయి. మనం కూడా పైన కూర్చున్న చోటు రాస్తాం కదా. కాన్వెంటులో సిస్టర్ ఎర్రసిరాతో కొట్టేసేది. "ఇంటి నంబరు రాయి, వీధి రాయి. మంచం సంగతి ఎవరడిగారు?" అనేది. ఇంతకీ మనకీ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది?

జామచెట్టు మీద ఉడుత పిల్లల్ని పెట్టిందా?

గువ్వ

*

వెనక వరండా, రెండో మెట్టు
జూన్ 19

గువ్వా,

ఆలస్యమైందని అలగకు. చేతినిండా కుట్టుపని. మీ బాబాయి పోయాక ఇంత పని ఎప్పుడూ లేదు.

ఆ అలవాటు మా అమ్మ పెట్టింది. మీ తాతయ్యది టెలిగ్రాఫ్ తీగల మీద పని. తీగ ఎటు తెగితే అటు పోవడం. కొత్తలో "ఇక్కడ క్షేమం" అని రాసేవాడు. మా అమ్మకి ఒళ్లు మండింది. "ఇక్కడంటే ఎక్కడ? చెట్టు కిందా, స్తంభం మీదా? నువ్వెక్కడ కూర్చున్నావో తెలిస్తే కదా నేను నిన్ను తలుచుకునేది" అని రాయించింది, ఆవిడకి రాయడం రాదు. అప్పట్నుంచి "వంతెన పక్కన మూడో స్తంభం నీడలో" అని పెట్టేవాడు. ఒకసారి "ఏనుగు అంబారీ మీద" అని పెట్టాడు. మా అమ్మ నెల్లాళ్లు నమ్మింది.

నీ డేట్‌లైన్ సంగతి నాకు తెగ నచ్చింది. రెండుసార్లు చదివాను. ఒక్క సందేహం. మనిషి ఒక ఊళ్లో కూర్చుని ఉంటుంది, మనసంతా ఇంకో ఊళ్లో ఉంటుంది. రాసేదీ ఆ ఊరి సంగతే. అప్పుడు పైన ఏ పేరు వేయాలి? మీ పెద్దసారుని అడుగు. నా పేరు చెప్పకు.

అన్నం వేళకి తిను. ఎదుటివాళ్లు వడ్డించేదాకా చూస్తూ కూర్చోకు.

పిన్ని

*

హాస్టల్ గది, కిటికీ పక్క మంచం
జూన్ 26

పిన్నీ,

నీ ప్రశ్న నోటితో అడగలేక చీటీ మీద రాసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి అదే చీటీ నా బల్ల మీదకు వచ్చింది. వెనక రెండు మాటలు రాశారు: "కాళ్లున్న చోటు."

ఆ మాట గురించి ఇంకొంచెం తెలుసుకున్నాను. పేరులో డేట్ ఎందుకుందంటే, పూర్వం వార్త రావడానికి చాలా రోజులు పట్టేది. ఎప్పుడు బయలుదేరిందో చెప్పకపోతే ఎంత పాతబడిందో చదివేవాళ్లకు తెలియదు. అందుకని ఊరి పేరు పక్కనే తేదీ వేసేవారు. తీగలొచ్చాక వార్త ఆ రోజే చేరింది. తేదీతో అవసరం తీరిపోయింది. చాలా పేపర్లు మానేశాయి. పేరు మాత్రం అలాగే మిగిలింది. అంటే మా తాతయ్య తీగలు కట్టడం వల్లే తేదీ పోయిందన్నమాట. సముద్రంలో, దాటితే తేదీ మారిపోయే గీత ఒకటుంది. దానికీ దాదాపు ఇదే పేరు. అక్కడ ఓడలో కూర్చుని ఉత్తరం రాసేవాళ్లు పైన ఏం పెడతారో ఎవరిని అడగాలో తెలియలేదు.

ఒక పెద్ద విలేఖరి కథ కూడా విన్నాను. కొండమీద మంటల గురించి కొండ దిగువ హోటల్ గదిలో పడుకుని రాశాడట. "పొగకి కళ్లు మండుతున్నాయి" అని కూడా రాశాడు. ఆ రోజు కొండమీద వాన. అతని పేరు నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మా ఆఫీసులో లేడు.

నీ ఉత్తరంలోంచి బంగారు రంగు చమ్కీ ఒకటి రాలింది. ఎవరిదైనా పెళ్లా? కాగితానికి జిగురు వాసన కూడా వేసింది. ఇంకో వింత. నా ఉత్తరానికి జవాబు రావడానికి వారం పైన పడుతుంది, నీ ఉత్తరం మీద తేదీ మాత్రం ముందు రోజుదే. టపావాళ్లకు నీ మీద ప్రేమ, నా మీద పగ.

ఉడుత సంగతి చెప్పలేదు.

గువ్వ

*

వెనక వరండా, రెండో మెట్టు
జూలై 6

గువ్వా,

కాళ్లున్న చోటు అన్నాడా! గట్టివాడే మీ సారు.

చమ్కీ పెళ్లికూతురి రవికది. జిగురు అట్టలకి. ఉడుత మూడు పిల్లల్ని పెట్టిందని ఎదురింటావిడ చెప్పింది. టపా సంగతి నన్నడిగితే నాకేం తెలుసు, నేనేమన్నా పోస్టుమాస్టర్నా?

మా అక్క ఫోను చేసిందా? పోయిన ఏడు మన ఊరికి నాటకం వాళ్లొచ్చినప్పుడు నేను వెళ్లానని ఇప్పటికీ దెప్పుతోంది. "ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్ల మధ్య నీకేం పని" అట. నాటకం చూడ్డమూ తప్పే! దాని దగ్గర నా మాటెత్తకు.

నువ్వు అన్నేసి సంగతులు రాస్తుంటే నాకు ఎంత సరదాగా ఉందో. ఫోనులో నీకు "ఊఁ" తప్ప రాదు. కాగితం మీద మాత్రం ఎక్కడా ఆగవు.

పిన్ని

*

వెనక వరండా, రెండో మెట్టు
జూలై 22

గువ్వా,

రెండు ముక్కలే. మన నది పొంగింది. రేవు వీధిలోకి నీళ్లొచ్చాయి. అక్కడివాళ్లని బడిలో పెట్టారు. పాత వంతెన నా కళ్లముందే కూలిపోయింది. మనిల్లు మెరక మీద ఉంది కాబట్టి నాకేం భయం లేదు. పేపర్లో చూసి హడలిపోతావని ముందే రాస్తున్నాను. అక్కకి నువ్వే చెప్పు.

పిన్ని

*

ఆఫీసు కాంటీన్, గోడవైపు బల్ల
జూలై 24

పిన్నీ,

నువ్వు క్షేమంగా ఉన్నావు. అది తెలిశాకే మిగతాది రాయగలుగుతున్నాను.

నిన్న పొద్దున నీ ఉత్తరం అందింది. ఆఫీసుకు వెళ్లేసరికి అంతా గందరగోళం. మన ఊరికి ఫోన్లు పోయాయి. అక్కడి మా విలేఖరి దొరకలేదు. పెద్దసారు గొంతు ఎంత తగ్గిందంటే పెదాలు చూసి అర్థం చేసుకోవలసి వచ్చింది. "ఆ ఊళ్లో ఎవరికైనా ఎవరైనా ఉన్నారా?" అన్నారు. నా చెయ్యి దానంతటది లేచింది. నేనే నమ్మలేకపోయాను.

"ఎవరు?"

"మా పిన్ని సార్. ఉత్తరం వచ్చింది."

"ఎక్కడ నుంచి చూసింది?"

"వెనక వరండా, రెండో మెట్టు. అక్కడ నుంచి వంతెన కనిపిస్తుంది సార్." తడుముకోకుండా చెప్పాను. చిన్నప్పటి నుంచి ఆ మెట్టు మీద కూర్చున్నదాన్ని కదా.

"అంత కచ్చితంగా రాసిందా!" అన్నారు. ఆయనకు మన అలవాటు నచ్చింది. చూసిన మనిషి ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి ఆ ఊరి డేట్‌లైన్ వేయమన్నారు. నేను రాశాను. ఇవాళ మొదటి పేజీలో వచ్చింది, కింది భాగంలో. వంతెన కూలిన సంగతి ఇంకే పేపర్లోనూ లేదు. ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. "నిన్ను పంపడం కష్టమే" అన్నారు పెద్దసారు. నవ్వుతూ అన్నారు.

టపా తెరుచుకోగానే ఇది నీకు అందుతుంది.

గువ్వ

*

జూలై 24

గువ్వా,

పేపరు చూశాను. అదేం పని? ఉత్తరం నీకు రాశాను కానీ పేపరుకి రాశానా? వంతెన సంగతి తీసేయించు. కూలలేదేమో. ఎలా తెలుసని అడక్కు. తీసేయించు, అంతే. మీ సారుతో మా పిన్నికి చూపు సరిగ్గా ఆనదని చెప్పు.

పిన్ని

*

హాస్టల్ మేడమెట్లు
జూలై 26

పిన్నీ,

ఈ ఉత్తరం ఎక్కడికి రాయాలో తెలియక ఇంటికే రాస్తున్నాను. ఎదురింటి అత్తగారి చేతికి వస్తే, దయచేసి మా పిన్నికి చేర్చండి.

వంతెన కూలలేదు. ఒక వైపు కమ్మీలు విరిగాయి. మన వార్త చూసి బస్సులన్నీ అవతలి ఒడ్డునుంచే వెనక్కి తిప్పేశారు. బస్సులు దిగిన జనం పెట్టెల్ని, పిల్లల్ని ఎత్తుకుని, కూలిపోయిందని నేను రాసిన వంతెన మీదే నడిచి ఊళ్లోకి వెళ్లారు. ఆ ఫొటో వేరే పేపర్లో వచ్చింది. పెద్దసారు దాన్ని నా బల్ల మీద పెట్టారు. పెట్టి తన కుర్చీలోకి వెళ్లిపోయారు. గొంతు తగ్గించినా బాగుండేది.

తర్వాత ఒక ప్రశ్న అడిగారు. "నది పొంగిన రోజు నుంచి ఆ ఊరి టపా ఆగిపోయింది. మీ పిన్ని ఉత్తరం మర్నాటికి ఎలా వచ్చింది?"

కవరు తెమ్మన్నారు. తెచ్చాను. ముద్ర ఇక్కడిది పిన్నీ. మా హాస్టల్ ముందు రోడ్డు చివరి పోస్టాఫీసుది. గదికి వచ్చి పాత కవర్లు తీశాను. అన్నింటి మీదా అదే. ఇన్నాళ్లూ కవరు చింపేటప్పుడు నీ అక్షరాలు చూశాను కానీ ముద్ర చూడలేదు. మన జామచెట్టు మీద ఉడుత సంగతి నీకు ఎదురింటావిడ చెప్పడం ఏమిటని కూడా అనుకోలేదు. ఊళ్లవాళ్ల వార్తల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం.

ఆదివారం సవరణ వేయాలి. నేనే రాయాలట. చూసిన మనిషి ఎక్కడ ఉందో రాయకుండా ఆ సవరణ పూర్తి కాదు అన్నారు. నా శిక్షణ సంగతి ఆ తర్వాత చూస్తారట.

నాకు కోపంగా ఉందో భయంగా ఉందో తెలియడం లేదు. ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉన్నావా? ఉంటే చెప్పు. అమ్మకు చెప్పను. నువ్వెక్కడ కూర్చున్నావో తెలియకుండా నిన్ను ఎలా తలుచుకోవాలి?

గువ్వ

*

నాటకశాల, రంగస్థలం మీద కట్టిన ఇల్లు,
వెనక వరండా, రెండో మెట్టు
జూలై 29

నా తల్లీ,

ఆసుపత్రి కాదు, ఏమీ కాదు. రాయిలా ఉన్నాను. ఏడవకు. ఏడిస్తే నీ ముక్కు మూడు రోజులు దిగదు.

పోయిన ఏడు నాటకం వాళ్లొచ్చినప్పుడు చూడ్డానికి వెళ్లానన్నాను కదా. నడి ఆటలో రాజుగారి అంగీ వీపు మీద బర్రున చిరిగింది. ఆయన రెండో అంకమంతా గోడకి వీపు ఆనించి పరిపాలించాడు. నేనాగలేక తెర వెనక్కి వెళ్లి కుట్టేశాను. మేనేజరు వెతికి వెతికి "ఎక్కడ చిరిగిందమ్మా?" అన్నాడు. అంతే, నన్ను వదల్లేదు. మే నెలలో వచ్చేశాను. ఇక్కడ నాకో గది, రెండు మిషన్లు. కిరీటాలకి చమ్కీలు అంటిస్తాను, బంట్రోతుల్ని మంత్రుల్ని చేస్తాను. నీ ఉత్తరాలు ఎదురింటావిడ కవరు మార్చి బస్సు డ్రైవరు చేతికిస్తుంది. అదీ నీ టపా పగ. ఈసారిది మాత్రం టపా తెరవగానే అందుకుని, ఆ రోజే బస్సుకిచ్చి పంపింది.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు అక్క దగ్గర దాచాలి. దాచడం నీకు రాదు, ముందు చెవులు ఎర్రబడతాయి. అక్కకి తెలిస్తే ఒక్క రోజులో వచ్చి నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోతుంది. ఇంత వయసొచ్చాక నాకు నచ్చిన పని దొరికింది గువ్వా. పోతుందేమోనని భయం.

మొదటి ఉత్తరం రాయడానికి చోటు వెతుక్కుంటే, స్టేజి మీద ఇల్లు కట్టి ఉంది. వెనక వరండా, రెండు మెట్లు. కూర్చున్నాను. పెన్ను దానంతటది అదే రాసింది. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. వరండా ఉంది, మెట్టు ఉంది, కాళ్లూ ఉన్నాయి. వెనక గోడే లేదు.

వంతెన సంగతికి మాత్రం నా దగ్గర ఏ సర్దుబాటూ లేదు. ఎదురింటావిడ ఫోను చేసింది. "వంతెన ఊగిపోతోంది, పోయేట్టుంది" అంటుండగా లైను తెగింది. ఆవిడ ఆవగింజంత చెబితే గుమ్మడికాయంత ఉంటుందని తెలిసీ, నేను ఇంట్లోనే ఉన్నట్టు నువ్వు నమ్మాలని "కళ్లముందే" అని రాశాను. మీ కొండ కింద హోటల్లో పడుకున్నవాడికీ నాకూ తేడా లేదు.

ఉన్నదున్నట్టు రాసెయ్యి. నేనెక్కడున్నానో కూడా రాయి. అక్క మీ పేపరు అక్షరం వదలకుండా చదువుతుంది, నీ పేరెక్కడైనా ఉందేమోనని. అది చదివి తెలుసుకోకూడదు. అందుకని ఇవాళే దానికి రాస్తున్నాను. పైన చోటు కూడా సరిగ్గా పెడతాను. ఏమైతే అదవుతుంది.

పిన్ని

*

ఆఫీసు, ప్రింటరు పక్క కుర్చీ
ఆగస్టు 4

పిన్నీ,

ఆదివారం సవరణ వచ్చింది. నువ్వు చూసే ఉంటావు, అయినా నా చేత్తో రాయాలనిపించింది.

"సవరణ: జూలై 24న ప్రచురించిన వరద వార్తలో పాత వంతెన కూలిపోయిందని రాశాం. వంతెన కూలలేదు. ఒక వైపు కమ్మీలు మాత్రమే విరిగాయి. ఆ వార్తకు ఆ ఊరి డేట్‌లైన్ వేశాం. రాసినవారు ఆ ఊళ్లో లేరు. చూశానని చెప్పినవారు కూడా ఆ రోజు ఈ నగరంలోనే ఉన్నారు. నిర్ధారించుకోకుండా వేశాం. పాఠకులు క్షమించాలి."

మొదట నేను "పొరపాటు దొర్లింది" అని రాశాను. పెద్దసారు కొట్టేశారు. "దొర్లడానికి అదేమన్నా బంతా? మనం వేశాం అని రాయి" అన్నారు. "మనం" అన్నారు. డేట్‌లైన్ వేయమన్నది తానేనని పైవాళ్లకు కూడా చెప్పారట. ఆ సంగతి నాకు ప్రింటరు బాగుచేసే అతను చెప్పాడు.

నన్ను పంపలేదు. ఉంచుకోనూ లేదు. శిక్షణ ఇంకో మూడు నెలలు పొడిగించారు. పేపర్లో నా మాటలు, ఎవరూ ఒక్క అక్షరం దిద్దకుండా అచ్చయినవి, ఇవే. ఆ ఒక్క మాట కొట్టేశాక అన్నమాట.

నీ మీద కోపం ఉందా అని రెండు రోజులు చూసుకున్నాను. కొంచెం ఉంది. మే నుంచి నువ్వు ఇక్కడే ఉన్నావు. నేను ప్రతి ఆదివారం నీ నాటకశాల వీధిలోంచే లైబ్రరీకి నడిచి వెళ్తున్నాను. నాకు ఈ ఊళ్లో ఎవరూ లేరని అనుకుంటూ.

అమ్మ నుంచి ఏమైనా వచ్చిందా? నాకు ఫోను చేయలేదు. అది మంచిదో కాదో తెలియడం లేదు.

గువ్వ

*

నాటకశాల, కుట్టుగది, పెద్ద మిషను ముందు
ఆగస్టు 9

గువ్వా,

ఆ వీధి మాట చదివి చాలాసేపు మిషను తొక్కలేదు. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు.

అక్క ఫోను చేసింది. ఆఫీసు గదిలో మేనేజరు ముందే మాట్లాడాల్సి వచ్చింది.

"ఏ వేషం వేస్తున్నావే?" అంది, హలో కూడా లేదు.

"వేషం వేయట్లేదక్కా. వేషాలు కుడుతున్నాను."

"తిండెక్కడ?"

"ఇక్కడే. అందరితో."

"అందరంటే ఎవరు?"

"రాజు, మంత్రి, ఇద్దరు సైనికులు. ఇవాళ రాజే వండాడు."

మళ్లీ లైను తెగిందనుకున్నాను. అప్పుడంది, "అబద్ధాలాడి వెళ్లావు. అది నేను మర్చిపోను. పిల్ల ఉద్యోగం మీదకి తెచ్చావు. అదీ మర్చిపోను." నేను సరే అన్నాను. "ఆ రాజు అంగీకి గుండీలైనా వరసగా కుట్టావా? నీకు కాజాలు ఎప్పుడూ వంకరే" అంది. ఆ తర్వాత టిక్కెట్టెంత అని అడిగింది. చెబితే "అంతా!" అని పెట్టేసింది. వస్తుందో రాదో దేవుడికి తెలియాలి.

రెక్క పట్టుకుని లాక్కుపోతానని మాత్రం అనలేదు. నేను అదే పదిసార్లు గుర్తుచేసుకుంటున్నాను.

శనివారం సాయంత్రం ఆట. నీకు రావాలని ఉంటేనే రా. లేదంటే ఉత్తరమే రాయి. అలవాటైన దారి.

పిన్ని

*

ఆగస్టు 14

పిన్నీ,

పైన చోటు వేయడం మర్చిపోయానని అనుకోకు. సొంత ఊరి వార్తకు అక్కర్లేదు.

వీధిలోంచి లోపలికి చూస్తే స్టేజి వెనక తలుపు తీసి ఉంది. నీ వరండా కనిపించింది. మెట్లు నిజంగా రెండే. రెండో దాని మీద ఎవరో కిరీటం పెట్టి మర్చిపోయారు.

ఈ చీటీ గేటు దగ్గర కూర్చున్న తాతగారి చేతికిస్తున్నాను. ఆయన నన్ను ఇప్పటికి రెండుసార్లు "ఎవరు కావాలమ్మా?" అని అడిగారు. నేను "ఊఁ" అన్నాను.

ఆట మొదలయ్యేలోపు వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్లు.

గువ్వ